బేస్‌మెంట్ ఒకటిలో ఉస్తాద్

సోమవారం ఉదయం ఐదు నలభైకి మాదాపూర్‌లో డ్యూటీకి రిపోర్ట్ చేశాను. సన్నటి వాన పడుతోంది. పద్నాలుగు అంతస్తుల అద్దాల భవనం, రెండు గేట్లు, మూడు బేస్‌మెంట్లు. నాకు రెండు నీలం చొక్కాలు, ఒక వాకీటాకీ, ఒక టార్చి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. బూట్లు నావే. సైన్యంలో పదిహేడేళ్లు సిగ్నల్స్‌లో చేసి, హవల్దారుగా దిగిపోయి అప్పటికి నాలుగు నెలలు.

ఊళ్లో ఎవరు కలిసినా సరిహద్దు గురించే అడుగుతారు. మంచు ఎంత పడేది, కాల్పులు ఎట్లా ఉండేవి అని. నేను చెప్పగలిగింది ఈ పోస్టింగు గురించే. రెండేళ్ల రెండు నెలలు, సెక్యూరిటీ పని.

కంట్రోల్ రూమ్ మొదటి బేస్‌మెంట్‌లో ఉండేది. కిటికీల్లేవు. పదహారు తెరలు, గోడకు ఫైర్ అలారం ప్యానెల్. ఇన్‌ఛార్జి పేరు స్వరూప. జనగామ వైపు మనిషి, ఇంటర్ చదివింది. రిసెప్షన్‌లో కార్డులు రాసే పనిలో చేరి, ఆరేళ్లలో ఆ కుర్చీ దాకా వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న.

మూడో వారం, బుధవారం, పదకొండు ఇరవైకి ఏడో అంతస్తులో పొగ అలారం మోగింది. వంటగదిలో బ్రెడ్డు మాడింది, అంతే. అది నాకప్పుడు తెలియదు. మెట్ల దగ్గర నిలబడి అందరినీ కిందికి తోలాను. ఒకతను ల్యాప్‌టాప్ కోసం వెనక్కి తిరిగాడు. జబ్బ పట్టి గుంజాను.

"కంట్రోల్, సెవెన్త్ ఫ్లోర్ క్లియర్. ఓవర్."

"క్లియర్ అంటే ఏంది అన్నా? ఎంతమంది దిగిండ్రు?" సెట్టులో స్వరూప గొంతు.

నేను లెక్కపెట్టలేదు.

పన్నెండు లోపే నా మీద మెయిల్ వెళ్లింది. ఫెసిలిటీ మేనేజరు పిలిచాడు. కాకినాడ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. "ఇది రెజిమెంటు కాదండి. ఇంకో కంప్లైంటు వస్తే మిమ్మల్ని ఉంచడం నా చేతుల్లో ఉండదండి."

"యెస్ సర్" అన్నాను.

సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు నేర్పేవాడిని ఉస్తాద్ అంటారు. నేను మూడేళ్లు ఉస్తాద్‌గా చేశాను. నేర్పించమని ఇంకొకరిని అడగడానికి రెండు రోజులు పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి కంట్రోల్ రూమ్‌కు వెళ్లాను.

"మేడం, ఈ పని నాకు రాదు. జర నేర్పిస్తరా?"

ఆమె తెరల మీంచి చూపు తిప్పలేదు. "మొన్నటి వీడియో చూసిన అన్నా. ఆయన భయపడ్డది పొగకు కాదు, మీకు." ఒక కెమెరా మార్చింది. "రోజూ రెండు నుంచి రెండున్నర. లేట్ కావద్దు."

ఒక్క రోజూ లేట్ కాలేదు. ప్యానెల్‌లో ఏ లైటు ఏ మూలదో నేర్పింది. పద్నాలుగు అంతస్తుల మెట్లూ నాతోపాటు దిగి, ఎక్కడ జనం ఇరుక్కుంటారో చూపించింది. మెయిల్ రాయడం నాకు అన్నిటికంటే కష్టమైంది. మాడిన బ్రెడ్డు గురించి తొమ్మిదిసార్లు రాయించింది.

"ఏం జరిగిందో ముందు రాయాలె. ఎవరిది తప్పని ఎవరడిగిండ్రు మిమ్మల్ని?"

మనుషులతో మాట్లాడటం కూడా నేర్పింది. "ఒక మాట చెప్పినంక ఆగుండ్రి. జవాబు రానియ్యుండ్రి. వాళ్లు మీ కింద పనిచేస్తలేరు."

ఎనిమిదో నెలలో సెక్యూరిటీ ఆఫీసర్ పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తు పెట్టమని ఆమే అన్నది. నా ఫైలు తెప్పించుకుని ఒక్కో కాగితం తీసింది. పదిహేనేళ్లు చేసినవాళ్లకు సైన్యం ఇచ్చే సర్టిఫికెట్ ఒకటుంది. డిగ్రీతో సమానం. నేను దాన్ని అడుగున పడేశాను.

"ఇది దాచిపెట్టుకుంటే ఎవరికి తెలుస్తది? జత చేయుండ్రి."

వారం పాటు ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగింది. పోస్టు వచ్చింది. ఆ రోజు ఆమెను ఉస్తాద్ అని పిలిచాను.

"గట్ల పిలవకుండ్రి అన్నా, ఆటో నడుపుతనేమో అనుకుంటరు" అని నవ్వింది.

ఆ తర్వాత అయిదు నెలలకు మాకు జీతాలిచ్చే సెక్యూరిటీ ఏజెన్సీ మారింది. ఇన్‌ఛార్జీలకు డిగ్రీ ఉండాలన్నది కొత్త ఏజెన్సీ నియమం. శుక్రవారం పదిన్నరకు మేనేజరు నాకు కాగితం ఇచ్చాడు. మూడు పేర్లు. చివరిది స్వరూపది.

"నాలుగింటికల్లా కార్డులు తీసుకోండి. గేటు దాకా మీరే దగ్గరుండి పంపాలండి."

"సర్, ఆమెకు తెలిసినంత ఈ బిల్డింగు గురించి ఎవరికీ తెల్వదు."

"ఆ లిస్టు నేను చేసింది కాదండి."

"యెస్ సర్" అన్నాను.

ఇంకో మాట అనొచ్చు. అనలేదు. ఒంటిగంటకు అన్నం తిన్నాను. పప్పు, వంకాయ కూర. డబ్బా ఖాళీ చేశాను. ఏమీ అనిపించలేదు.

మిగతా ఇద్దరినీ గేటు దాకా పంపి, మూడు నలభైకి కంట్రోల్ రూమ్‌కు వెళ్లాను. ఆమెకు అప్పటికే తెలుసు. సొరుగు ఖాళీ చేసి, స్వెట్టరు, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుంది. నేను చెయ్యి చాపాను. మెడలోంచి కార్డు తీసి ఇచ్చింది. రిపోర్టు వెంటనే పంపాలి. అక్కడే కూర్చుని టైపు చేశాను. సిబ్బంది మార్పుల్లో భాగంగా, అంటూ మొదలుపెట్టాను. ఆమె వెనక నిలబడి చదివింది.

"ఏం జరిగిందో ముందు రాయాలె అన్నా. నా పేరుతోని మొదలుపెట్టుండ్రి."

కొట్టేసి మళ్లీ రాశాను. ఆమె పేరు, టైము, కార్డు తీసుకున్న సంగతి.

"ఇగ మంచిగున్నది. పంపుండ్రి."

మూడు యాభై రెండుకు పంపాను.

సెట్టు పలికింది. "కంట్రోల్, గేట్ టూ. ఇద్దరు పోయిండ్రు. ఇంకొకరున్నరట. ఓవర్."

ఆమె చెయ్యి సెట్టు మీదికి పోయింది. తీసి నాకు ఇచ్చింది. "మీరు చెప్పుండ్రి."

"గేట్ టూ, కంట్రోల్. వస్తున్నరు" అన్నాను.

ఆ తర్వాత పదమూడు నెలలు చేశాను. నా మీద ఒక్క కంప్లైంటు రాలేదు. ఆమెకు రెండుసార్లు ఫోన్ చేశాను. శేరిలింగంపల్లిలో ఒక దవాఖానలో రిసెప్షన్‌లో చేరానని, బాగానే ఉన్నానని చెప్పింది. మూడోసారి చేయలేదు. కాంట్రాక్టు ముగిసిన రోజు చొక్కాలు, వాకీటాకీ, టార్చి అప్పజెప్పి సంతకం చేశాను. సిద్దిపేట బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఇంట్లోవాళ్లు అన్నం తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను.

మంచు, కాల్పులు ఎప్పుడో గాని గుర్తుకు రావు. గుర్తుకొచ్చేది గేట్ టూ. కార్డు పెడితేనే తెరుచుకునే గేటు. స్వరూప సంచీ ఎడమ భుజానికి మార్చుకుని, ఏడేళ్ల అలవాటుతో కుడిచెయ్యి ఆ మెషిన్ మీద పెట్టింది. చేతిలో ఏమీ లేదు. ఎర్ర లైటు వెలిగింది. చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడింది. నేను పక్కనుంచి నా కార్డు పెట్టాను. గేటు తెరుచుకుంది.