వెనక పిలుపు

మా షెడ్డులో నాకు చాదస్తం అని పేరు. ట్రైలరు మీదికి కోత మిషను ఎక్కించి కట్టడం మామూలుగా అరగంట పని. నేను దగ్గరుంటే గంట పడుతుంది. డ్రైవరు గొలుసులు కట్టేసి "అయిపోయిందండి" అన్నాక నా పని మొదలవుతుంది. ట్రైలరు చుట్టూ ఒకసారి తిరుగుతాను, ఒక్కో గొలుసునీ చేత్తో లాగి చూస్తాను, మళ్లీ తిరుగుతాను. ప్రదక్షిణాలు అయితే తీర్థం ఇప్పించండి అని వెటకారం చేస్తారు. చెయ్యనీ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గాని, ఈ ఒక్క మాటకు మాత్రం రాదు.

మాది మండపేట పక్కన ఒక ఊరు. మాకు రెండు చైన్ మిషన్లున్నాయి. అంటే చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు పట్టాల మీద నడిచే వరికోత మిషన్లు. మోకాలి లోతు దిగబడే చేలో కూడా అవి ఆగకుండా పోతాయి. తారు రోడ్డు మీద నడిపితే మాత్రం పట్టాలు అరిగిపోతాయి. అందుకని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలంటే ట్రాక్టరు వెనక ఎత్తు తక్కువ ట్రైలరు తగిలించి, దాని మీద మోసుకుపోవాలి. చేలో ఏనుగులాంటి మిషను రోడ్డెక్కేసరికి చంటిపిల్లైపోతుంది. ఎత్తుకోవాలి, పడిపోకుండా పట్టుకోవాలి.

ఈ పని నాకు నేర్పింది మా బావ, అక్క భర్త. మెత్తని మనిషి. ఎవరినీ "అండి" లేకుండా పిలిచేవాడు కాదు. పొద్దున్నే ట్రాక్టరు స్టార్టు కాకపోతే దానికి కూడా "కానివ్వండి మరి" అని చెప్పేవాడు. నన్ను మాత్రం "ఒరేయ్" అనేవాడు, అది నా ఒక్కడికే దక్కిన చనువు.

మిషను ఎక్కుతుండగా ర్యాంపుల వెనక నిలబడకూడదని బావ మొదటి రోజే చెప్పాడు. బరువు ఇరుసుకి కాస్త ముందుకే ఉండాలి, వెనక్కి పడితే రోడ్డు మీద ట్రైలరు తోక ఊపుతుంది. ముందు రెండు గొలుసులు, వెనక రెండు గొలుసులు. ఒక్కో గొలుసుకీ బిగించే లివరు ఒకటి ఉంటుంది. కొక్కెం తగిలించినంత మాత్రాన గొలుసు కట్టినట్టు కాదు. లివరు పూర్తిగా వంచాలి, అది టక్కుమని మూసుకోవాలి, మళ్లీ తెరుచుకోకుండా దాని మీద తాడు చుట్టాలి. అంతటితోనూ అయిపోలేదు. బయల్దేరి ఒక మైలు దాటాక ఆగి చూసుకోవాలి, కుదుపులకి మిషను సర్దుకుని గొలుసులు వదులవుతాయి గనక. "కట్టు సంగతి షెడ్డులో తెలీదురా, మైలు దాటాక తెలుస్తుంది" అనేవాడు.

మా అక్క శాస్త్రం వేరే. బయల్దేరే మనిషిని "ఎక్కడికి" అని అడగకూడదు. ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవడం. వెనక పిలుపు విన్న మనిషికి తలపెట్టిన పని చెడుతుందని మా అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్లమ్మ చెప్పింది. ఒకసారి బావ ఫోను ఇంట్లో మర్చిపోయి వెళ్లాడు. అక్క గుమ్మంలోనే ఉంది, ఆయన ఇంకా వీధి చివర దాటలేదు. పిలవలేదు. సాయంత్రం దాకా ఆ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, రైతులకు సమాధానం చెప్పలేక అవస్థ పడింది. నేను ఆ సంగతి చెప్పుకుని ఏడాది పాటు నవ్వాను. బావ కూడా నవ్వేవాడు గాని, అక్క మాట ఎన్నడూ కాదనలేదు.

ఆరేళ్ల కిందటి సంగతి. దాళ్వా కోతలు, అంటే రెండో పంట కోతలు, ఎండాకాలం. పొద్దున లేచేసరికి మబ్బు పట్టింది. ఆత్రేయపురం వైపు ఒక రైతు చేను పండి నిలబడి ఉంది. వాన పడితే గింజ చేలోనే రాలిపోతుంది. తెల్లారినప్పటి నుంచీ ఆయన ఫోను మీద ఫోను చేస్తున్నాడు. మిషను ట్రైలరు ఎక్కించాం. ముందు గొలుసులు రెండూ బావ కట్టాడు, వెనకవి నేను కట్టాను. కుడి పక్కది బిగించాను. ఎడమ పక్కదానికి కొక్కెం తగిలించి లివరు మీద చెయ్యి వేశానో లేదో మళ్లీ ఆ రైతు నుంచి ఫోను. వచ్చేస్తున్నామండీ, వచ్చేస్తున్నాం అని ఆయనకు సర్దిచెబుతూ నాలుగడుగులు పక్కకు వెళ్లాను. ఈలోగా అక్క క్యారేజీ తెచ్చి సీటు పక్కన పెట్టింది. నేను మాట్లాడి రావడం చూసి, కట్టడం అయిపోయిందనుకున్నాడు బావ. బండి కదిలింది.

గేటు దాటుతుంటే చూశాను. ఎడమ పక్క లివరు తెరిచే ఉంది, బండి కుదుపుకి అటూ ఇటూ ఊగుతోంది.

"బా" అన్నంత వరకు నోట్లోంచి వచ్చింది. పక్కనే నిలబడ్డ అక్క నా చెయ్యి పట్టుకుంది. "వెనక పిలవకురా. వెళ్లనీ" అంది.

నేను ఆగిపోయాను. ఆ ఆగిపోవడం గురించి ఈ ఆరేళ్లలో ఆలోచించని రోజు లేదు. నాకు శకునాల మీద నమ్మకమా? లేదు. వాటి మీద జోకులు వేసేవాణ్ని. అయినా అక్క మాట విన్నాను. ఎలాగూ మైలు దాటాక ఆగి చూస్తాడుగా, అప్పుడు తనే బిగిస్తాడులే అనుకున్నాను. అందులో చిన్న భయం కూడా ఉంది. పిలిస్తే, లివరు మూయడం మర్చిపోయానని అందరి ముందూ ఒప్పుకోవాలి. ట్రాక్టరు మలుపు తిరిగింది.

ఆ మైలు రాకముందే కాలువ వంతెన ఉంది. వంతెన మీదికి తిరిగే చోట ఎదురుగా బస్సు వస్తే బావ బ్రేకు వేశాడని చూసినవాళ్లు చెప్పారు. మిషను పక్కకు జారింది, ట్రైలరు ఒరిగింది. ఒరుగుతూ ట్రాక్టరుని కూడా తనతో కాలువలోకి లాక్కుపోయింది. నేను వెళ్లేసరికి బావని గట్టు మీద పడుకోబెట్టారు. క్యారేజీ నీళ్లలో తేలుతోంది. అంతకు మించి ఆ రోజు గురించి రాయలేను.

తర్వాత బుర్రకి ఎన్నో తట్టాయి. షెడ్డులో మోటారుసైకిలు ఉంది. ఎక్కి ట్రాక్టరుని దాటిపోయి, ముందు నిలబడి చెయ్యెత్తితే అది వెనక పిలుపు కాదు కదా. అక్క శాస్త్రమూ చెడేది కాదు, బావా దక్కేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

గొలుసు బిగించనిది నేనేనని అందరికీ చెప్పాను. అక్క కాళ్ల మీద పడి చెప్పాను. కానీ సగమే చెప్పాను. లివరు ఊగుతుంటే చూశానని చెప్పలేదు. చూశానంటే, మరి ఎందుకు అరవలేదురా అని అడుగుతారు. దానికి నా దగ్గర ఉన్న జవాబు అక్క. మొగుడు క్షేమంగా వెళ్లి రావాలని నా నోరు మూయించిన మనిషికి, ఆ మాటే ఆయన్ని తీసుకుపోయిందని ఎలా చెప్పను? ఆ ఒక్క ముక్క నాతోనే కాటికి పోవాలనుకున్నాను.

మిషన్లు అమ్మేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. బేరాలన్నీ ఇప్పుడు తనే ఫోనులో చూస్తుంది. ఏ ఊళ్లో ఏ రోజు కోతో, ఎవరి చేను ముందో, ఎవరికి వానభయం ఉందో తనకే తెలుసు. సామర్లకోట దాకా రైతులు ఆవిడ మాట మీదే కోతల రోజు పెట్టుకుంటారు. కానీ ట్రైలరు బయల్దేరే వేళకు ఆవిడ కనపడదు. వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఎవరూ అలా చెయ్యమనలేదు, వద్దని కూడా అనలేదు. భర్త లేని ఆడది ఎదురొస్తే మంచిది కాదని మా వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. ఫోనులో ఆవిడ గొంతు శుభమట, వాకిట్లో ఆవిడ ముఖం అశుభమట. తలుచుకుంటే ఒళ్లు మండేది. మండి ఏం చేశాను? ఆ తలుపు తీసి, రా అక్కా అని ఒక్కసారైనా పిలిచానా?

మొన్నటి దాళ్వాలో ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరు. నేను గొలుసులకు గ్రీజు పెడుతున్నాను. అక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఆ రోజు మీ బావని పిలవబోయావు గుర్తుందా? ఏం చెబ్దామనుకున్నావురా?"

ఆరేళ్లుగా భయపడుతున్న ప్రశ్న. జవాబు కూడా ఎప్పటి నుంచో సిద్ధం చేసి పెట్టుకున్నాను. క్యారేజీ మర్చిపోయాడేమోనని, అన్నాను.

"క్యారేజీ సీటు పక్కన పెట్టాకే కదరా బండి కదిలింది. నువ్వు చూస్తూనే ఉన్నావుగా."

నా చేతిలో గొలుసు అలాగే ఉండిపోయింది. అక్క దాని వంక చూసింది, తర్వాత నా ముఖం వంక చూసింది. ఇంక అబద్ధం రాలేదు. తల ఊపాను. తప్పు నాదే, బిగించాల్సినవాణ్ని నేను, చూసి కూడా ఊరుకున్నవాణ్ని నేను అని ఏదేదో చెప్పుకుపోయాను.

"బిగించాల్సింది నువ్వే" అంది అక్క. "నోరు మూయించింది నేను."

ఏడవలేదు. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. రాత్రి అన్నం తినలేదని మా ఆవిడ చెప్పింది. ఆరేళ్లు నేను ఒక్కణ్నే మోసిన బరువు ఒక్క పూటలో తన నెత్తిన దించేశానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున ఇంకో ఊరి బేరం ఉంది. మిషను ఎక్కించాం. నాలుగు గొలుసులూ నేనే బిగించాను, నాలుగు లివర్ల మీదా తాడు చుట్టాను, నా ప్రదక్షిణాలు చేశాను. ఆ రోజు ఎవరూ వెటకారం చెయ్యలేదు, నా ముఖం అలా ఉందేమో. ట్రాక్టరు ఎక్కి గేటు దాటించాను.

"తమ్ముడూ, ఆగు."

బ్రేకు వేసి తిరిగి చూశాను. అక్క వంటింట్లోంచి, వాకిట్లోంచి, గేటులోంచి నడిచి రోడ్డు మీదికి వచ్చేసింది. మా డ్రైవర్లు ఎటు చూడాలో తెలియక నిలబడిపోయారు. ఎదురింటి పెద్దావిడ ముగ్గు పెడుతున్నది కాస్తా చెయ్యి ఆపి చూస్తోంది. అక్క ఎవరినీ పట్టించుకోలేదు.

"వెనక గొలుసు చూశావా?"

చూశానక్కా, అన్నాను.

"మళ్లీ చూడు."

దిగి వెళ్లాను. ఎడమ పక్క గొలుసు బిగువుగానే ఉంది, లివరు మూసే ఉంది, తాడు చుట్టే ఉంది. అక్క నా పక్కనే వచ్చి నిలబడింది. తాడు విప్పాను, లివరు తెరిచాను, మళ్లీ మొదటి నుంచి బిగించాను. అది టక్కుమని మూసుకున్న చప్పుడు విన్నాకే తను పక్కకు తప్పుకుంది.