సొరంగంలో పెళ్ళిచూపులు

అవి పెళ్ళిచూపులు కావని మా అక్క ఒట్టేసి మరీ చెప్పింది. శుక్రవారం సెలవు కదా, ఊరికే పిక్నిక్కు వెళ్దాం, ఉత్తరాన సముద్రం పక్కన ఏదో పాతకోట ఉందట, దాని కింద యుద్ధాల కాలంనాటి సొరంగం ఉందట, చూసొద్దాం అంది. అంటూనే బీరువాలోంచి నెమలిపింఛం రంగు పట్టుచీర తీసి నా ఒళ్ళో పడేసింది. ఎడారిలో సొరంగం చూడ్డానికి పట్టుచీర ఎందుకే అని అడిగితే, "ఫోటోలు బాగా వస్తాయి, నోరు మూసుకుని కట్టుకో" అంది.

అప్పుడు నేను ఎమ్మే పూర్తిచేసి, విజిటు వీసా మీద దోహా వచ్చి, మదీనత్ ఖలీఫాలో అక్కావాళ్ళింట్లో ఉంటున్నాను. కువైట్ యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది. విజయవాడలో నాకప్పటికే బోలెడు పెళ్ళిచూపులు జరిగాయి. వచ్చినవాళ్ళు నడవమంటే నడిచాను. జడ ముందుకు వేసుకోమంటే వేసుకున్నాను. పాడమంటే మాత్రం పాడనన్నాను, ఎందుకంటే నేను పాడితే మా ఇంటి ఎదురుగా కట్టేసిన గేదె కూడా తాడు తెంపుకునేది. అంతా అయ్యాక స్వీటూ హాటూ లాగించి, మూతులు తుడుచుకుని, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచేవారు. ఆ కబుర్లు ఇప్పటిదాకా రాలేదు.

నన్ను వద్దన్నారని కాదు నా ఏడుపు. అంతమందిలో ఒక్కడంటే ఒక్కడు "నువ్వేమంటావమ్మాయ్" అని అడిగిన పాపాన పోలేదు. వీసా గడువు దగ్గర పడుతోంది. ఈ సంబంధం కూడా తప్పిపోతే మళ్ళీ విజయవాడ వెళ్ళి, మళ్ళీ ఆ సోఫా ముందు నిలబడాలి.

కోట దగ్గరికి మేం చేరేసరికి వాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. బావగారి కంపెనీలో పనిచేసే ఇంజనీరూ, హైదరాబాదు నుంచి కొడుకును చూడ్డానికొచ్చిన వాళ్ళమ్మగారూ. "అరె, మీరు కూడా ఇక్కడికేనా!" అని బావ ఆశ్చర్యపోయాడు. ముందురోజు రాత్రి ఫోనులో దారి చెప్పింది ఈయనే. వాళ్ళమ్మగారు కూడా పట్టుచీరలోనే వచ్చారు. ఫోటోల కోసమే కాబోలు. ఆవిడ నన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా చూసి, "రంగు పరవాలేదు, ఎండకి కమిలిందేమో" అని అక్కతో అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఇంజనీరు ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, కోట వైపు కాకుండా కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. పొగరనుకున్నాను.

గుమ్మం దగ్గర అరబ్బీ బోర్డు ఉంది. బావకు అరబ్బీలో కారు నంబర్లు తప్ప ఇంకేం చదవడం రాదు. అయినా చూపుడువేలు ఆనించి మరీ చదివి వినిపించాడు. పూర్వం శత్రువులు కోటను చుట్టుముడితే లోపలివాళ్ళు ఈ సొరంగంలో దిగి సముద్రపు ఒడ్డున తేలేవారట. ఇందులో ఎంత నిజమో ఆ పైవాడికీ, ఆఫీసులో బావకు చెప్పినవాడికీ తెలియాలి. కాపలా ఉన్న పఠాను ముసలాయన మమ్మల్నీ, మా చీరల్నీ, టిఫిను క్యారేజీనీ చూసి తల అడ్డంగా ఊపాడు. "మాఫీ లైట్, మాఫీ హవా" అన్నాడు. వెలుతురూ లేదు, గాలీ లేదు అని.

"యల్లా, పదండి, మీరిద్దరూ ముందు నడవండి, మేం వెనకే వస్తాం" అని బావ టార్చి నా చేతికిచ్చాడు. వాళ్ళెవరూ రారని అందరికీ తెలుసు. పిల్లా పిల్లాడూ ఏకాంతంగా మాట్లాడుకోవాలని బావగారి మోడరన్ ఆలోచన. పార్కులు లేవా, ఐస్‌క్రీమ్ షాపులు లేవా, ఈయనకు దొరికిన ఏకాంతం ఇదీ!

మెట్లు దిగాం. లోపల నడుం వంచి నడవాల్సినంత ఎత్తే ఉంది. గోడల్లోంచి మట్టి రాలుతోంది, గబ్బిలాల కంపు. నేను కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఒక చేత్తో టార్చి పట్టుకుని ముందు, ఆయన వెనక. ఒక మలుపు తిరిగామో లేదో టార్చి రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. బావ కారులో వస్తువులన్నీ అంతే.

"ఏవండీ, ఉన్నారా?" అన్నాను. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, బాగా పరుగెత్తి వచ్చినవాడిలా.

"నాకు భయంగా ఉందండీ" అన్నాడు చివరికి. "కువైట్ యుద్ధమప్పుడు ఇక్కడ గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. విషవాయువు వస్తుందన్నారని తలుపులకీ కిటికీలకీ టేపులంటించుకుని కూర్చున్నాను. అప్పట్నుంచీ మూసేసిన చోట ఉండలేను. ఏమనుకోకపోతే... మీ కొంగు పట్టుకోవచ్చా?"

"మరి ఎందుకు దిగారు మహానుభావా?"

"దిగనంటే మీరు పిరికివాడనుకుంటారని."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇన్ని పెళ్ళిచూపుల్లో నేనే వణికాను గానీ, నా ముందు వణికినవాణ్ణి చూడటం అదే మొదలు. పట్టుకోండి అన్నాను. పట్టుకున్నాడు గానీ కాలు కదపడు. అప్పుడే పైనుంచి వాళ్ళమ్మగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఎలాగూ లోపలే ఉన్నావుగా, ఒక పాట పాడు! పైకి బాగా వినిపిస్తుంది!"

ఓరి భగవంతుడా, భూమిలో పాతిపెట్టినా వదలరు!

కానీ వెనక ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే మనిషి నిలదొక్కుకుంటాడనిపించింది. ఏం మాట్లాడాలో తోచక, మూడో తరగతిలో నేర్పిన గేయమేదో ఎత్తుకున్నాను. సగం మాటలు మరిచిపోయాను, రాగం మొదట్నుంచీ లేదు. ఆ దిక్కుమాలిన పాట పాడుకుంటూ, గోడ తడుముకుంటూ, ఆయన్ని కొంగుతో లాక్కుంటూ మెట్ల దాకా వచ్చాను. పైకి వచ్చేసరికి నా పట్టుచీర నిండా మట్టి, ఆయన ఇస్త్రీ చొక్కా నిండా చెమట.

"ఏమైందిరా?" అన్నారు వాళ్ళమ్మగారు.

నేను ముందే అందుకున్నాను. "టార్చి ఆరిపోతే నాకు భయం వేసిందండీ. వీరే తీసుకొచ్చారు."

"కాదమ్మా" అన్నాడాయన. "నాకే భయం వేసింది. ఏడుపొక్కటే తక్కువ. ఈవిడే లాక్కొచ్చింది."

అక్క చేతిలో పులిహోర గరిటె ఆగిపోయింది. బావ టార్చి నా చేతిలోంచి తీసుకుని, ఇప్పుడు బాగుచేస్తే లాభమన్నట్టు దులపడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మగారి ముఖం నల్లబడింది. కొడుకు పరువు తీసిన పిల్ల, పైగా ఆ పాట! ఆవిడ చీర సర్దుకుని చాప మీంచి లేచారు.

"సరేనమ్మా, పొద్దెక్కుతోంది. ఇంటికెళ్ళి కబురు చేస్తాం."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. విజయవాడలో అన్నిసార్లు మింగిందంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

"కబురెందుకండీ? నేనే ఇక్కడ చెప్పేస్తాను. నాకు ఇష్టమే. మీ అబ్బాయికి ఇష్టమో కాదో ఇక్కడే చెప్పమనండి."

అక్క "ఓసి నీ నోరు పడ!" అని నెత్తి కొట్టుకుంది. ఆయన మాత్రం నా వైపు తిరిగాడు. ఆ రోజు పైన వెలుతురులో నన్ను సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"ఇష్టమేనండీ. కానీ ముందే చెప్పాలి. నేను లిఫ్టు ఎక్కను. గది తలుపు వేసుకుని పడుకోలేను."

"నేనూ ముందే చెప్తున్నాను. నాకు పాట రాదు."

"విన్నాం" అన్నారు వాళ్ళమ్మగారు. ఆవిడ కళ్ళు మా మధ్యకు దిగాయి. ఆయన ఇంకా నా కొంగు వదల్లేదు. ఆవిడ దాన్ని చూసి, నిట్టూర్చి, మళ్ళీ చాప మీద కూర్చున్నారు.

"ఏదమ్మా, ఆ పులిహోర ఇలా పెట్టు" అన్నారు అక్కతో.