రుమైథియా ఇంటి నాలుగు చక్రాలు

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. నా భార్యకు చెప్పలేదు. ఎదిగిన పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఈ ఒక్క పేజీ రాయడానికి పొద్దున్నుంచి మూడు కాగితాలు చించేశాను. ప్రతిసారీ నన్ను నేను కొంచెం మంచివాణ్ణి చేసుకుని రాస్తున్నానని అనిపించింది.

మాది కడప జిల్లా. కువైట్‌లో నాది టైర్ల పని. అంగట్లో కూర్చుని చేసేది కాదు. జాకీ, కంప్రెసర్, పంక్చరు సామాను వేసుకున్న చిన్న వ్యానులో ఇళ్ల దగ్గరికి, ఆఫీసుల దగ్గరికి వెళ్లి టైర్లు మార్చేవాణ్ణి. ఎవరైనా ఫోన్ చేస్తే మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నన్ను పంపేవాడు. ముక్కూమొహం తెలియని ఇళ్లవాళ్లు కూడా గేటు తీసి లోపలికి రానిచ్చేవారు. ఆ పనిలో నాకు నచ్చింది అదే.

రుమైథియాలో ఒక ఇంట్లో రాజన్న డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన భార్య లచ్చవ్వ అదే ఇంట్లో వంట చేసేది. యజమానులు వేసవి సెలవులకు విదేశం వెళ్లే ముందు వాళ్ల కారుకు నాలుగు కొత్త టైర్లు నేనే వేశాను. ఆ రోజు లచ్చవ్వ నన్ను వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. ఇద్దరు పిల్లల్ని ఊళ్లో అమ్మ దగ్గర వదిలి వచ్చానని చెప్పింది.

అది 1990. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మా కఫీల్ కనబడకుండా పోయాడు. రొట్టె కోసం గంటల తరబడి వరుసలు. నిలిపిన కార్లను సైనికులు తోలుకుపోతున్నారు. బాస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ చేరితే అక్కడి నుంచి బొంబాయికి విమానాలున్నాయని తెలిసింది. జాబ్రియాలో మా రూములో ఐదుగురం. నా వ్యానులో ఇద్దరికే చోటు. మాకొక పాత కారు ఉండేది. ఇంజను పరవాలేదు. టైర్లు మాత్రం నున్నగా అరిగిపోయాయి. ఆ ఎండలో, ఆ ఎడారిలో అవి రెండు వందల మైళ్లు కూడా రావని మా అందరిలో నాకే బాగా తెలుసు. కొత్తవి దొరకవు. అంగళ్లన్నీ దోచేశారు.

అప్పుడు రాజన్న నుంచి కబురు వచ్చింది. గాజుపెంకు గుచ్చుకుని కారు ముందు టైరులో గాలి పోయిందట. వెళ్లాను. పది నిమిషాల పని. టైరు విప్పి అతుకు వేస్తుండగా నా కళ్లు మిగతా మూడింటి మీదే ఉన్నాయి. మా కారు కంపెనీదే, చక్రాల కొలతా అదే. బోల్టులు కూడా సరిపోతాయి.

రాజన్న పక్కన కూర్చుని చెప్తున్నాడు. “రేపు పొద్దుగాల్నే ఎల్లిపోదామనుకుంటున్నం తమ్మీ. లచ్చవ్వకు ఈడ ఒక్క దినం సుత ఉండబుద్ధైతలేదు. మిలిటరోళ్లు పక్కింట్లకు సొచ్చిన్రు.”

నేనన్నాను. “రాజన్నా, బండికి చక్రాలుంటే ఈ రోజే తోలుకపోతారు. నాలుగూ ఇప్పేసి నా కాడ దాచిపెడతా. రేప్పొద్దున వచ్చి బిగిస్తా. అట్లనే బయల్దేరండి.”

అది అబద్ధమా? చాలామంది నిజంగానే అలా చక్రాలు విప్పి కార్లు కాపాడుకున్నారు. మంచి సలహాయే కదా, ఆ క్షణంలో నా మనసులో దురుద్దేశం లేదు కదా, దారిలోనే కదా బుద్ధి తప్పింది అని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. కాదు. కొలత చూసుకున్న తర్వాతే ఆ సలహా నా నోట్లోకి వచ్చింది.

కారును సిమెంటు ఇటుకల మీద నిలబెట్టాం. చక్రాలను నా వ్యానులోకి ఎక్కించడానికి రాజన్న కూడా చెయ్యి వేశాడు. లచ్చవ్వ గేటు దాకా వచ్చి, “పైలంగ పో తమ్మీ” అంది.

తెల్లారకముందే మేం బయల్దేరాం. ఇంత మంచి టైర్లు ఎక్కడివని రూము వాళ్లలో ఒకడు అడిగాడు. తెలిసినవాళ్లు ఇచ్చారన్నాను. ఎవరూ రెండోసారి అడగలేదు. దారిలో ఒక్క పంక్చరు కాలేదు. సరిహద్దు గుడారాల్లో పన్నెండు రోజులుండి విమానం ఎక్కాను. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, లచ్చవ్వ పిల్లలు గుర్తొచ్చారు. ఆ తలపును గట్టిగా తోసేశాను.

యుద్ధం ముగిసిన రెండేళ్లకు మళ్లీ కువైట్ వెళ్లాను. మళ్లీ అదే పని. ఒకరోజు షుఐబాలో కూలీల బస్సుకు టైరు మార్చాలని పంపారు. బస్సు దిగివచ్చిన డ్రైవరు నన్ను చూసి నిలబడిపోయాడు. రాజన్న. పారిపోదామా అనిపించింది. ఆయన పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు.

“బతికే ఉన్నవా తమ్మీ! మా చక్రాలు తీస్కపోతుంటే నిన్ను మిలిటరోళ్లు పట్టుకపోయిన్రనుకున్నం. మా వల్లనే నీ పానం పోయిందని లచ్చవ్వ ఎన్ని దినాలు ఏడ్సిందో.”

తర్వాత జరిగిందంతా చెప్పాడు. రెండు రోజులు గేటు దగ్గర మూటలతో కూర్చున్నారట. మూడో రోజు నన్ను వెతుక్కుంటూ జాబ్రియా వచ్చాడట. రూముకు తాళం. చెక్‌పోస్టులో సైనికుల దగ్గరికి పోయి, టైర్ల వ్యాను ఇండియావాణ్ణి ఏం చేశారని అడిగాడట. నా కోసం, వాళ్లను అడిగాడు. తుపాకి మడమతో చెవి మీద కొట్టారు. ఆ చెవి ఇక వినబడలేదు. నెల తర్వాత ఎవరిదో బస్సులో చోటు దొరికేదాకా ఇద్దరూ ఆ ఇంటి మిద్దె మీద సామాన్ల గదిలో దాక్కున్నారు. ఊరు చేరాక లచ్చవ్వ ఇంక ఇటు రానంది. ఈయనొక్కడే వచ్చాడు.

“నిన్ను బాగ కొట్టిన్రా తమ్మీ?” అని అడిగాడు. వినడానికి మంచి చెవి నా వైపు తిప్పాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ ఎవరూ లేరు. ఏం పోయేది నాకు? ఆయన కొట్టినా, తిట్టినా, మొహం మీద ఉమ్మినా అక్కడితో అయిపోయేది.

“ఔ రాజన్నా. పట్టుకున్యారు. చక్రాలు పీక్కున్యారు” అన్నాను.

ఆయన నా భుజం నిమిరాడు. “పోతే పోయినయ్ తీ. మనిషివి దక్కినవ్” అన్నాడు.

ఆ టైరు ఎలా బిగించానో నాకు గుర్తులేదు. తర్వాత మూడేళ్లు అదే దేశంలో ఉన్నాను. షుఐబా నుంచి పిలుపు వస్తే ఒంట్లో బాగాలేదని చెప్పి వేరేవాణ్ణి పంపేవాణ్ణి.

టైర్లు దొంగిలించడం భయంతో చేశానని ఎవరైనా అనొచ్చు. నేనూ అనుకోగలను. కానీ షుఐబాలో నాకు ఏ భయముంది? అక్కడ మంచివాడిగా కనబడాలనే ఆశ తప్ప ఇంకేం లేదు. ఆ రెండో అబద్ధమే నన్ను ఎక్కువ తింటోంది.

రాజన్న ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడట, మనవలతో. ఫోన్ నంబరు కూడా సంపాదించాను. ఏడాదైంది. చెయ్యలేదు. చేస్తానని మీకు మాట ఇవ్వను. ఇచ్చిన మాటను నేనేం చేస్తానో మీకిప్పుడు తెలుసు.

నన్ను ఏ సైనికుడూ పట్టుకోలేదు. చక్రాలు నేనే తీసుకుపోయాను. ఈ రెండు ముక్కలు ఇన్నేళ్లలో ఎక్కడా పలకలేదు, రాయలేదు. ఈ కాగితాన్ని మాత్రం చించలేదు. ఊపిరి కొంచెం ఆడుతోంది.