సిరిసిల్ల సోదరుడి చీరె

ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా, చీరె కట్టుకోవాలనిపించే మగవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అనుకున్నాను. ఇది మామూలు బాధ కాదు. పక్కింటాయనకు మొలలొస్తే ఊళ్లో పదిమంది తోడుంటారు, తలా ఒక చిట్కా చెప్తారు. నా సంగతికి పేరే తెలియదు. పేరు తెలియనిదాన్ని ఎవర్ని అడుగుతాం, ఏమని అడుగుతాం?

అప్పట్లో నేను సిరిసిల్లలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద గుడ్డ నేసేవాణ్ణి. అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే తలుపుకు గడియ పెట్టి ఆమె చీరె కట్టుకునేవాణ్ణి. కట్టుకుంటే ఒళ్లు నాదనిపించేది, అంతే. అద్దంలో చూసుకుని సంబరపడేవాణ్ణి. విప్పి మడతపెట్టగానే మళ్లీ అదే ప్రశ్న: నాలాంటి మనిషి ఇంకొకరున్నారా, లేరా? ఒక్కరు చాలు. ఒక్కరుంటే నేను పిచ్చివాణ్ణి కానట్టే.

మొదట ఒగ్గుకథ చెప్పేవాళ్లలో ఆడవేషం కట్టే ఆయన్ని అడిగాను. కథ అయిపోయాక ఆయన దగ్గరికి పోయి, ఛాయ్ ఇప్పించి, "అన్నా, చీరె కట్టుకుంటే నీకు మనసుల ఎట్లుంటదే?" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఉక్కపోస్తది. ఇంకో ఛాయ్ చెప్పు" అన్నాడు.

తర్వాత ఒక వారపత్రికలో డాక్టరుగారి ప్రశ్నలు-జవాబుల శీర్షికకు ఉత్తరం రాశాను. "నేను పురుషుడిని. చీరె కట్టుకుంటే నాకు మనశ్శాంతి. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే ఎక్కడుంటారు?" అని. పేరు రాయలేదు, అంత తెలివి ఉంది. కింద "ఒక సోదరుడు, సిరిసిల్ల" అని రాశాను, అంత తెలివి లేదు.

ఆ సంచిక వచ్చిన రోజు హోటల్లో వేరే ముచ్చటే లేదు. నక్సలైట్ అన్నల సంగతి, పోలీసుల సంగతి అన్నీ పక్కనపెట్టి అందరూ ఆ సోదరుడెవడా అని వెతికారు. "గా మూలమీది సాంచాల సేటే అయ్యుంటడు, నడక సూడుండ్రి" అన్నాడొకడు. "కాదురా, గా పెద్ద మీసాలాయన. గంత మీసం ఊకెనే పెంచుతడా?" అన్నాడు ఇంకొకడు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోకూడదు కదా, అందుకని అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నవ్వి నవ్వి పొలమారి, ఛాయ్ ముక్కులోంచి వచ్చింది. ఇంటికి పోయి ఏడ్చాను.

ఇంతకీ డాక్టరుగారి జవాబు ఇది: "రోజూ తెల్లవారుజామున చన్నీటి స్నానం, వ్యాయామం చేయండి. త్వరగా వివాహం చేసుకోండి." ఎక్కడుంటారయ్యా అని అడిగితే స్నానం చెయ్యమంటాడేమిటి? నాకు ఒళ్లు మండిపోయింది. అయినా చదువుకున్నాయన మాట కదా అని నెలరోజులు చన్నీళ్లు పోసుకున్నాను. పడిశం పట్టింది. చీరె మీది మనసు మాత్రం అట్లాగే ఉంది.

మనిషి దొరక్కపోతే పోయె, సొంత చీరెన్నా కొనుక్కుందామనుకున్నాను. సిరిసిల్లలో దేన్నైనా చాటుగా కొనవచ్చు గానీ చీరె కొనలేం. ఊరంతా గుడ్డలో పుట్టి గుడ్డలో పెరిగినవాళ్లే. "మొన్న నీ కొడుకు తీస్కపోయిన చీరె మంచిగున్నదా?" అని బజార్లో మా అమ్మనే అడుగుతారు. అందుకని జగిత్యాల పోయాను. ఎర్రంచు పచ్చ చీరె, డజను గాజులు, ఒక సవరం కొని, సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాను.

ఆ రోజుల్లో బస్సులో పోతే దారిలో సోదా తప్పదు. అందులోనూ ఆ వారమే దళం పెద్ద ఒకాయన ఆడవేషంలో తిరుగుతున్నాడని పుకారు పుట్టింది. ఆ సంగతి చిన్నపిల్లలక్కూడా తెలుసు. నాకూ తెలుసు. సవరం సంచిలో పెట్టుకునేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. సంబరంలో ఉన్న మనిషికి బుర్ర పనిచేయదు.

పోలీసులు సంచి బోర్లించారు. సవరం కిందపడగానే నన్ను దింపి ఠాణాకు తీసుకుపోయారు.

"చీరె ఎవరిదిరా?" అన్నాడు ఎస్సై.

"మా చెల్లెది సార్."

"చెల్లె పేరేంది?"

నాకు చెల్లె లేదు. ఆ గాబరాలో ఒక్క ఆడపేరూ తట్టలేదు. "యాదికి వస్తలేదు సార్."

"చెల్లె పేరు యాదికి వస్తలేదా!"

"చెల్లె లేదు సార్. మా అవ్వకు తీస్కపోతున్న" అని అమ్మను ముందుకు తెచ్చాను.

"మీ నాయిన ఏం జేస్తడు?"

"సచ్చిపోయిండు సార్."

"మరి మీ అవ్వకు డజను గాజులెందుకురా?"

పెండ్లానికి అందామంటే, పెళ్లి కాలేదని బస్సులోనే చెప్పి ఉన్నాను. ఎస్సై లాఠీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఏ దళానికిరా ఇవి? గీ వేషం కట్టేటోడు యాడున్నడు?"

ఠాణాకు పోయి తిరిగిరాని మనుషుల ఇళ్లు మా వాడలోనే ఉండేవి. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. నమ్మండి, కాసేపు ఆలోచించాను.

ఇంతలో మూలన కూర్చున్న ముసలి హెడ్డు కానిస్టేబులు లేచి వచ్చి, గాజొకటి తీసి నా చేతికి తొడిగాడు. అది సాఫీగా ఎక్కింది. "సార్, గాజులు వీని సైజువే" అన్నాడు.

"నాకే సార్" అన్నాను. "చీరె గూడ నాకే. నేనే కట్టుకుంట. ఏ దళం లేదు, నీ కాల్మొక్త."

ఎస్సై నమ్మలేదు. "అయితే కట్టి సూపియ్."

ప్యాంటు చొక్కా మీదే కట్టాను. కుచ్చిళ్ల దగ్గరికొచ్చేసరికి కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఎవ్వరికీ చూపించనిది, చూస్తే చూడండిరా అనుకుని, ఏడు కుచ్చిళ్లూ వేళ్లమధ్య సమానంగా పేర్చి, ఒక్క ఊపులో దోపి, పైట సర్దాను. పోలీసులు నోళ్లు తెరుచుకుని చూశారు.

"సార్" అన్నాడు హెడ్డు, "మా ఇంటామెకు పెండ్లయి ఇరవై ఏండ్లు. గింత సక్కగ ఎన్నడు కట్టలె. దొంగవేషపోళ్లు గిట్ల కడ్తరా? గిది అలవాటున్న చెయ్యి."

ఎస్సై కలం తీశాడు. ఏం రాయాలో తెలియలేదు. "చీరె కట్టుడు ఏ సెక్షన్ల వస్తదే?" అని హెడ్డును అడిగాడు. హెడ్డుకూ తెలియదు. ఇద్దరూ ఒక లావుపాటి పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు తిప్పారు. ఆఖరికి ఎస్సై విసుగొచ్చి, "పోరా, నా కండ్ల ముంగట ఉండకు" అన్నాడు. చీరె, గాజులు ఇచ్చారు. సవరం మాత్రం ఇవ్వలేదు. దాని మీద ఇంకా అనుమానముందట.

హెడ్డు నన్ను బస్సెక్కించడానికి రోడ్డుదాకా వచ్చాడు. బీడీ ముట్టించి, "పోయినేడు కోరుట్లోడు గూడ ఒకడు దొరికిండు తమ్మీ. గిదే కత. రెండు రోజులు కూసోవెట్టినం" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఇంకొకడున్నడా?"

"ఆడ బస్టాండు కాడ రేడియోలు బాగుజేస్తడు. పోయేటప్పుడు నన్ను అడిగిండు. 'సారూ, ఇంతమందిని పట్టుకుంటరు గదా, నా అసొంటోడు ఇంకెవడన్న దొరికిండా' అని. లేడన్న. ఏడ్సుకుంట పోయిండు."

ఆ వారంలోనే మా ఇంట్లో రేడియో సంచిలో వేసుకుని కోరుట్ల పోయాను. అది శుభ్రంగా పలుకుతోంది. కానీ పోవడానికి ఒక సాకు కావాలి కదా. దుకాణంలో కళ్లద్దాలాయన, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, ఒక రేడియో పొట్ట విప్పుకుని కూర్చున్నాడు.

"ఏమైంది దీనికి?"

"పలుకుతలేదు అన్నా."

ఆయన మీట తిప్పగానే వరికి పట్టే దోమ గురించి ప్రసంగం గట్టిగా మొదలైంది. ఆయన నా మొహం చూశాడు. ఏం చెప్పాలో తెలియక దోమ మందుల వివరాలన్నీ శ్రద్ధగా విన్నాను. ఆయనే రేడియో కట్టేసి, "మంచిగనే ఉన్నది గదా, తీస్కపో" అన్నాడు.

ఇక పోతే మళ్లీ రాలేనని తెలుసు. "అన్నా, నన్ను గూడ బస్సుల పోలీసోళ్లు పట్టుకున్నరు" అన్నాను. "చీరెతోని. నా చీరెనే."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు అట్లాగే ఆగిపోయింది. భయంగా రోడ్డు అటూ ఇటూ చూశాడు. "నా సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

"ఠాణాల హెడ్డు సారు."

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. కళ్లనిండా నీళ్లున్నాయి. "లేడన్నడు గదనే నాతోని" అన్నాడు. "ఏడాది సంది లేడనే అనుకుంటున్న."

"ఉన్న" అన్నాను.