రెండో పలక

వనపర్తిలో మా మేడ బయటి గోడకు ప్లాస్టరింగ్ జరుగుతున్న రోజుల్లో నాకొక సభలో మాట్లాడే పని తగిలింది. భవన కార్మికులు ఎత్తు నుంచి పడిపోకుండా ఎట్లా జాగ్రత్త పడాలో చెప్పాలట. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఏముంటుందో కూడా సరిగా తెలియని నన్ను ఎందుకు పిలిచారంటే, ఊళ్లో నాకు మాటల మనిషినని పేరు. చేతల మనిషినని ఎవరూ అనరు, మా ఇంట్లో అయితే అసలే అనరు. 'పడకండి' అన్న మాట మీద నాలుగు చమత్కారాలు రాసుకుంటూ వరండాలో పడక కుర్చీలో పడి ఉన్నాను.

అవతల పరంజా మీద నిలబడి గోడ పని చేస్తున్న సుతారిది లింగాల వైపు ఊరు. కింద సిమెంటు మాలు కలిపి గంపతో అందించేది ఆయన భార్యే. ఆయన కాళ్ల కింద ఒకే ఒక్క చెక్క పలక. గోడ వైపు తిరిగి నిలబడితే మడమలు గాలిలోకి వస్తాయి. వీపు వెనక అడ్డకర్ర లేదు. పరంజా గడకు వేలాడుతున్న దిష్టిబొమ్మకు మాత్రం నడుం చుట్టూ రెండు చుట్లు తాడు కట్టించాను, గాలికి పడిపోతుందని.

"పలకొక్కటే ఉన్నది సారూ. ఇంకొకటి ఇప్పియ్యుండ్రి. మా ఆయన కొంగ లెక్క నిలవడ్డడు" అంది ఆమె.

పని ఒప్పుకున్న మేస్త్రీ నాకంటే ముందే అందుకున్నాడు. "ఏందమ్మా, నీ మొగడేమన్న కొత్తోడా? ఇరవై ఏండ్ల సంది గట్లనే చేస్తుండు."

"ఇరవై ఏండ్ల సంది పడలేదని ఇయ్యాల పడడా? జర నువ్వెక్కి చూడు, తెలుస్తది."

మేస్త్రీ నవ్వాడు. నేనూ నవ్వాను. "రేపు చూద్దాంలే అమ్మా" అన్నాను.

రేపటిదాకా ఆగాల్సిన పనే లేదు. రెండో పలక మా వాకిట్లోనే ఉంది. చెప్పులకు మట్టి అంటకుండా గేటు దగ్గర బురద మీద వేయించుకున్నాను. ఆమె ఒకసారి ఆ పలక వంక, ఒకసారి నా కాళ్ల వంక చూసి గంప ఎత్తుకుంది.

మధ్యాహ్నం అన్నాలకు దిగే ముందు ఆఖరి గంప అందుకోవడానికి ఆయన వెనక్కి తిరిగాడు. మడమ జారింది. ముందు చేతిలోని తాపీ జారి రాయి మీద పడ్డ చప్పుడు, తర్వాత మనిషి పడ్డ చప్పుడు. రెండోది మెత్తగా ఉంది.

"ఎవరి కన్నో తగిలింది" అన్నాడు మేస్త్రీ, పరంజా వంక చూడకుండా. పక్కింటి పెద్దమనిషి గోడ మీంచి తొంగిచూసి, "బీచుపల్లి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టుండ్రి సారూ, ఇంటికి కీడు పోతది" అన్నాడు. పడ్డది మనిషి, కీడు ఇంటికట! ఛీ అనుకున్నాను. అనుకునే మొహమేనా నాది? నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "రేపు వేయిద్దామనే అనుకున్నా."

ఆమె అప్పటికే ఆయన తల కింద చెయ్యి పెట్టి లేపుతోంది. నలుగురం ఆయన్ను ఎత్తుకుని ఆటో దాకా మోశాం. బురద దాటింది ఆ పలక మీదుగానే.

దవాఖానలో డాక్టరు మడమ ఎముక నలిగిందన్నాడు. నడుస్తాడు గానీ మళ్లీ పరంజా ఎక్కగలడో లేదో ఆర్నెల్లు పోతే గాని చెప్పలేనన్నాడు.

"నేల మీద సుతారి పనేముంటది సారూ?" ఆయన అడిగింది డాక్టర్ని కాదు, నన్ను.

సభకు వెళ్లాను. చమత్కారాల కాగితం జేబులోంచి తీయకుండా, మా ఇంట్లో జరిగింది చెప్పాను. పక్కపక్కన రెండు పలకలు లేనిదే ఎవరినీ ఎక్కించకండి, వెనక నడుమెత్తు అడ్డకర్ర కట్టించండి, పైకెక్కే మనిషి ఏదైనా అడిగితే రేపు అనకండి అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. "మస్తు చెప్పిండ్రు సారూ, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్" అన్నాడొకాయన. ఒకరి మడమ విరగ్గొట్టి సన్మానం చేయించుకున్న వక్తను నేనొక్కణ్నే అయి ఉంటాను. శాలువా భుజాల మీద బల్లి పాకినట్టనిపించింది.

పది రోజులకు ఆమె మిగిలిన గోడ పనికి వచ్చింది. ఈసారి సుతారి ఆమె తమ్ముడు. నేను ముందే రెండు పలకలూ వేయించి, వెనక కర్ర కట్టించి పెట్టాను. తమ్ముడు కాలెత్తబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వాగురా తమ్మీ. సారూ, ముందు మీరెక్కుండ్రి."

ఎక్కాను. గోడను కరుచుకుని నిలబడ్డాను.

"గట్ల గోడను పట్టుకుంటే గాదు. ఎనకకు తిరిగి గంప అందుకోండ్రి."

తిరిగాను. నడుం ఆనగానే కర్ర జానెడు బయటికి జరిగింది. ఆమె నన్ను కాదు, కర్రనే చూస్తోంది.

"దిగుండ్రి. గీ కట్టు ఆగదు."

ఆమె తాడు తెచ్చి, ముడి మీద ముడి వేసి, తన బరువంతా వేసి గుంజి చూసేదాకా తమ్ముడు నేల మీదే నిలబడ్డాడు.