సగం బెల్లం ముక్క

ఆయన ముఖం సరిగా గుర్తులేదు. వేళ్లు మాత్రం మరిచిపోలేను. హనుమకొండలో మా కుట్టుమిషన్ దుకాణం పక్కనే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవాడు. కాకా అని పిలిచేదాన్ని. సాయంత్రం పని ముగియగానే డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి, ఆ నల్లబడ్డ వేళ్లతోనే రెండుగా విరిచేవాడు. సగం నోట్లో వేసుకుని, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. అది ఆరేళ్ల కూతురికి.

"చేతులన్న కడుక్కో కాకా," అనేదాన్ని.

"బెల్లం తింటాంటే సీసం మనల్నేం జేస్తది బిడ్డా? అంతా కొట్టుకపోతది. పిల్లకు రక్తం గూడ పడుతది," అని నవ్వేవాడు.

ఆ పిల్ల కడుపునొప్పితో చిక్కిపోయింది. బడిలో నేర్చిన అక్షరాలు మరిచిపోసాగింది. దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. రిపోర్టులు చూసి డాక్టరమ్మ అంది:

"పాప ఒంట్లో సీసం బాగా ఉంది. ఐరన్ అసలే తక్కువ. ఐరన్ లేని ఒంట్లోకి సీసం ఇంకా జల్ది ఎక్కుతది. ఇంట్లో ఎవరన్నా సీసం పని చేస్తరా? ఆ చేతులతోటి ఏమన్నా తినిపిస్తాన్రా?"

కాక జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. బెల్లం మీద ఆయన బొటనవేలి నల్లటి ముద్ర ఉంది.

పిల్ల చేయి చాచింది. ఆయన గుప్పిట మూశాడు. రోజూ ఇచ్చేది ఇవాళ ఎందుకు ఇవ్వడంలేదో తెలియక, అది ఏడుస్తూ ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పసాగింది.