తూనీగకు దిమాక్ ఉందా?

ఆ రోజుల్లో నాకు మనస్తత్వశాస్త్రంలో కొత్తగా డిగ్రీ వచ్చింది. దానితోపాటే మనుషుల మనసులన్నీ నాకు తెలుసుననే నమ్మకమూ వచ్చింది. (డిగ్రీ ఇప్పటికీ ఉంది.) శాలిబండలో ఒక బేకరీ మీదున్న పిల్లల క్లినిక్‌లో చేరి, తెలివితేటల పరీక్ష సామాను ఉన్న నల్లపెట్టెను ఆపరేషన్‌కు వెళ్లే డాక్టరులా పట్టుకుని తిరిగేవాణ్ణి. ఒకనాడు పురానాపూల్ నుంచి ఒక నానమ్మ, తొమ్మిదేళ్ల మనవరాలిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఒకచోట నిలవదని ఆ పిల్లను ఇంట్లో తూనీగ అంటారట. "బడోళ్లు పోరికి దిమాకే లేదంటుండ్రు. వచ్చే యేడు బడికి రానియ్యం అంటుండ్రు. ఉన్నదో లేదో జెర చూసి చెప్పు బిడ్డా" అంది. తూనీగ అప్పటికే నా బల్ల కింద ఉంది.

పరీక్ష గదిలోకి ఇంటివాళ్లను రానివ్వొద్దని మా మేడం, అంటే క్లినిక్ పెద్ద డాక్టరు, ముందే చెప్పారు. కానీ నానమ్మ లేకపోతే కూర్చోనంది పిల్ల. రానిచ్చాను. నేను చదివిన అంకెలు తిరిగి చెప్పమంటే తూనీగ కిటికీ మీది పావురాన్ని చూస్తోంది. జవాబు మాత్రం వెనక కుర్చీలోంచి తప్పు లేకుండా వచ్చింది. "అమ్మా, మీరు చెప్పొద్దు" అన్నాను. "నేనేడ చెప్తున్న? నోరు చెప్తున్నది" అంది నానమ్మ. తలుపుకూ కిటికీకీ పోలిక ఏమిటని అడిగాను. "రెండిట్లకెల్లి నానమ్మ లోపలికి రమ్మని నా మీద ఒర్రుతది" అంది తూనీగ. నా పుస్తకంలో ఆ జవాబుకు మార్కులు లేవు. రంగు దిమ్మలిచ్చి, బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నాను. పేర్చేసింది. ఎంతసేపట్లోనో తెలియదు, ఎందుకంటే పావురాన్ని ఇప్పుడు నేను చూస్తున్నాను. "సార్, మీ గడియారం బటన్ నొక్కలే" అంది.

మేడం నా కాగితాలు చూసి, "ఇంతకీ పరీక్ష ఎవరికి చేశావు?" అన్నారు. ముగ్గురికీ అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మరోరోజు పొద్దున, వేరే పరీక్ష తీసి, మధ్యమధ్యలో పిల్లను లేచి తిరగనిస్తూ ఆవిడే చేశారు. ఆలోచించడంలో తూనీగ తన ఈడు పిల్లలకంటే ముందుంది. విన్నది మనసులో నిలుపుకోవడంలో, గబగబా రాయడంలో బాగా వెనకబడింది. "దీన్నిబట్టి శ్రద్ధ లోపమని తేల్చకూడదు. తెలివి తక్కువై చదవలేకపోవడం లేదని మాత్రం తెలిసింది. మిగతాది ఇల్లూ బడీ చెప్పాలి" అన్నారు. ఇంటివాళ్లనూ బడివాళ్లనూ విడివిడిగా అడిగాకే, సమస్య నిలకడదేనని తేల్చారు.

"దిమాక్ మస్తుగుంది అమ్మా, నిలకడకే తిప్పలు" అని నానమ్మకు చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "మరి నాకెన్ని వచ్చినయి?" అంది. మంచిగానే వచ్చాయన్నాను. (ఇది శాస్త్రీయం కాదు.) బడికి నన్నూ తోలుకుపోయింది. పెద్దసారు కాగితం విప్పకముందే, "మా పోరికి దిమాకున్నదని చూసి రాసిచ్చిండ్రు సారూ. మీకు గిట్ల ఎవరన్న చూసిండ్రా?" అంది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. చదివి, తూనీగను అదే బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టడానికీ, పని కొంచెం కొంచెంగా ఇవ్వడానికీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నేను పెట్టె తెరిచేముందు పిల్లల్ని కాసేపు వాళ్లిష్టానికి వదిలేసి, వాళ్లు ఏం చేస్తారో చూస్తూ కూర్చుంటాను. అప్పట్లో నల్లపెట్టె పట్టుకు తిరిగిన ఆ కుర్రాడికి ఈ ఓపిక ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ వాడికి నల్లటి ఒత్తు జుట్టు ఉండేది. రెండూ ఒకేసారి ఇవ్వరనుకుంటాను.